పొసగని ప్లాస్టిక్కుల పొందు

నేడు మన యిండ్లలో ప్లాస్టిక్కు లేని మూల యొక్కటియు లేదు. నీళ్ల బిందె, బకెట్టు, కుర్చీ, పాల సంచి, ఎరువుల బస్తా, మందు సీసా, వ్రాసుకొను కలము, వీనినన్నిటిని మనము ప్లాస్టిక్కు అను నొక్క పేరుతోనే పిలుచుచున్నాము. పేరొక్కటియైనను ఇవి యొక్క జాతి పదార్థములు కావు. ఇనుము, రాగి, సీసము అను మూడింటిని లోహములని యేకముగా చెప్పుచున్నను వాని గుణములు వేరైనట్లే, పాలీఎథిలీను, పాలీప్రొపిలీను, పాలీస్టైరీను, పాలీయెస్టరు, నైలాను మొదలగునవి వేర్వేఱు ద్రవ్యములు.

పగిలిన ప్లాస్టిక్కు వస్తువులనన్నిటిని ఒక్క కుప్పగా పోసి, కరగించి, క్రొత్త వస్తువులు పోయరాదా యని విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. ప్రశ్న మంచిది. కరగింపవచ్చును, అచ్చునందు పోయవచ్చును. కాని యట్లు పోసిన వస్తువు చూపునకు గట్టిగా నున్నను చిన్న దెబ్బకే పగులును. వంచినచో పొరలు పొరలుగా లేచును. మంచి గుణములు గల రెండు ద్రవ్యములను కలిపినప్పుడు రెంటికంటెను హీనమైన మూడవది పుట్టుట వింతగా తోచును. దీనికి కారణమేమి, దీనిని సరిదిద్దు నుపాయమేమి యను రెండు సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచినాము.

ఇది కేవలము పాఠ్యపుస్తకముల సంగతి కాదు. 2015 నాటికి లోకమున సుమారు 630 కోట్ల టన్నుల ప్లాస్టిక్కు వ్యర్థము పుట్టెననియు, దానిలో నూటికి 9 పాళ్లు మాత్రమే తిరిగి వాడుకకు వచ్చెననియు, 12 పాళ్లు కాల్చబడెననియు, తక్కిన 79 పాళ్లు గోతులలోను, నేలమీదను, నీళ్లలోను మిగిలెననియు 2017లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఇంత చెత్త మిగిలిపోవుటకు గల కారణములలో ప్లాస్టిక్కులు ఒకదానితో నొకటి పొసగకుండుట యొకటి.

గొలుసుల వంటి యణువులు

నీటి యణువునందు మూడే పరమాణువులు గలవు. చక్కెర యణువునందు 45 గలవు. ప్లాస్టిక్కుల యణువులట్టివి కావు. ఒక్కొక్క యణువునందు వేలకొలది చిన్న తునకలు గొలుసు కడియములవలె వరుసగా కూర్చబడి యుండును. ఈ విషయమును 1920లో ప్రతిపాదించినవాడు జర్మను రసాయన శాస్త్రజ్ఞుడగు హెర్మన్ స్టౌడింగర్. అంత పొడవైన యణువులుండుట యసంభవమని ఆ కాలపు పండితులు పలువురు వాదించిరి. ఆయన మాటయే నిజమని క్రమముగా తేలినది; 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

పాలీఎథిలీనునందు కర్బనము, ఉదజని తప్ప వేఱు మూలకము లేదు. సాధారణమైన పాలీఎథిలీను గొలుసు నొకదానిని తిన్నగా సాగదీసి, ఒక మిల్లీమీటరు లావుగల దారమగునంతగా పెంచి చూచితిమేని, దాని పొడవు సుమారు 2 మీటర్లుండును. అట్టి దారములు కోట్లకొలది ఒకదానితో నొకటి పెనవేసికొని చిక్కుపడి యుండుటయే ప్లాస్టిక్కు స్వరూపము. దాని బలమునకు మూలము ఆ చిక్కులే. ఒక దారమును లాగినచో దానిని చుట్టుకొనియున్న పది దారములు పట్టుకొనును. ఈ యొక్క మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు దానికంతకు ఇదియే పునాది.

ఏల కలియవు?

రెండు పదార్థములు కలియుటకు రెండు ప్రేరణలుండవలెను. మొదటిది పరస్పర ప్రీతి. ఒకదాని తునకలకు రెండవదాని తునకలతో దగ్గఱగా నుండుట యిష్టమైనచో అవి కలియును. రెండవది చెదరిపోవు స్వభావము. ఒక డబ్బాలో ఆవాలను, మెంతులను పోసి యూపినచో, వానికి ప్రీతియు వైరమును లేకున్నను, తమంతట తామే కలిసిపోవును. ఏలయనగా కలియని యమరికలకంటె కలిసిన యమరికలు లెక్కకు కోట్లరెట్లు హెచ్చు. నీటియందు చక్కెర, గాలియందు సువాసన వ్యాపించుటయందు ఈ చెదరుగుణము గొప్ప తోడ్పాటు.

ఇప్పుడు ఆ యావాలను విడిగా నుంచక, వేయేసి చొప్పున దండలుగా గ్రుచ్చి, మెంతులనుగూడ నట్లే గ్రుచ్చి డబ్బాలో వేసి యూపుడు. ఒక్క గింజ కదలవలెనన్నచో దానితో కూడిన దండయంతయు కదలవలెను. గింజలకుండిన స్వేచ్ఛ దండలకు లేదు. కనుక చెదరుగుణము వేయవ వంతునకు పడిపోవును. ప్లాస్టిక్కు గొలుసుల స్థితి యిదియే. ఈ సంగతిని గణితరూపమున 1941, 1942 సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞులగు పాల్ ఫ్లోరీ, మారిస్ హగ్గిన్స్ అనువారు ఎవరికివారుగా తేల్చిరి. వారి సూత్రము ప్రకారము గొలుసు పొడవు వేయింతలైనచో, కలియుటకు అడ్డు రాకుండునంతటి వైరము వేయవ వంతునకు తగ్గును. అనగా చిన్న యణువులు లక్ష్యపెట్టని స్వల్పభేదమైనను పెద్ద గొలుసులను విడదీయుటకు చాలును.

దీనికి మంచి యుదాహరణము పాలీఎథిలీను, పాలీప్రొపిలీనులు. రెంటియందును కర్బనము, ఉదజని తప్ప మఱేమియు లేదు. పాలీప్రొపిలీను గొలుసునందు రెండు కర్బనముల కొకచోట చిన్న కొమ్మ యుండుటయే భేదము. రెండును నీటిపై తేలును. రెండును మైనమువలె జారుగా నుండును. ఒక తల్లి బిడ్డలవలె కనబడు ఈ రెండును కరగిన స్థితియందుగూడ కలియక వేఱుపడును. ఇక పాలీఎథిలీనునకును నైలానునకును గల భేదము చాల పెద్దది. వాని మాట చెప్పనక్కఱలేదు.

కలియు జంటలు లేకపోలేదు. పాలీస్టైరీను, పాలీఫినిలీన్ ఆక్సైడు అను రెంటికి పరస్పర ప్రీతి గలదు గనుక అవి యే పాలలోనైనను చక్కగా కలియును. మొదటిది సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని, రెండవది 210 డిగ్రీల ప్రాంతమును దాటినచో మెత్తబడును. వాని మిశ్రమము ఈ రెంటికి నడుమ నొక్క వేడిమియొద్దనే మెత్తబడును. కలియని జంటయైనచో మిశ్రమమునందును రెండు ద్రవ్యములు తమతమ వేడిమియొద్దనే వేర్వేఱుగా మెత్తబడును. నిజముగా కలిసినవా, లేదా యని శాస్త్రజ్ఞులు పరీక్షించు మార్గములలో ఇది యొకటి. అయితే కలియు జంటలు కొలదియే, కలియనివే యనేకము.

దోషము సరిహద్దునందున్నది

కలియని రెండు ప్లాస్టిక్కులను కరగించి బలముగా కలియద్రిప్పినచో, తక్కువ పాలు గలది చిన్నచిన్న బిందువులై హెచ్చు పాలు గలదానియందు చెదరును. చల్లారిన పిమ్మట ఆ బిందువులు గట్టిపడి గుండ్లవలె నిలిచిపోవును. గుండు లోపల గొలుసులు చిక్కుపడి బలముగా నున్నవి. వెలుపలి ద్రవ్యమునందును బలముగా నున్నవి. కాని గుండునకును వెలుపలి ద్రవ్యమునకును నడుమ గల సరిహద్దును దాటి ఆవలి గొలుసులతో చిక్కుపడు గొలుసులు మిక్కిలి తక్కువ. ఇరుప్రక్కల గొలుసులు ఒకదానిలో నొకటి చొచ్చుకొను మేర కొలది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షల వంతు.

సున్నము పెట్టకుండ ఇటుకలను పేర్చిన గోడను తలంచుకొనుడు. ప్రతి యిటుకయు గట్టిదే. అయినను త్రోసినచో గోడ కూలును. మిశ్రమ ప్లాస్టిక్కు సంగతియు నట్టిదే. వస్తువును వంచినప్పుడు బలము బిందువునకు చేరకమునుపే సరిహద్దు విడిపోయి సన్నని పగులేర్పడును. ఆ పగులు ఒక బిందువునుండి మఱియొక బిందువునకు ప్రాకి, చివరకు వస్తువే రెండు ముక్కలగును.

మఱియొక యిబ్బందియు గలదు. కరగిన స్థితియందు రెండు బిందువులు తాకినంతనే కలిసి యొక పెద్ద బిందువగును. యంత్రము ఎంత శ్రమపడి చిన్నచిన్న బిందువులుగా చీల్చినను, అచ్చునందు పోయుసరికి అవి మరల పెద్దవగును. బిందువు పెద్దదైన కొలది మిశ్రమము బలహీనము.

ఇంటిలోని దృష్టాంతములు

ఈ చిక్కును విడదీయు నుపాయము మన యిండ్లలో తరతరములుగా నున్నదే. తలంటు పోసికొనునప్పుడు నూనెను వట్టి నీటితో కడిగినచో పోదు. కుంకుడుకాయల పులుసుతో రుద్దినచో తెల్లని నురుగై కరిగి పోవును. కుంకుడుకాయయందు సాపోనినులను పదార్థములు గలవు. ఆ యణువునకు ఒక భాగము నూనెకు చుట్టము, మఱియొక భాగము నీటికి చుట్టము. నూనెబొట్టుచుట్టును ఇట్టి యణువులు చేరి, ఒక కాలు నూనెయందును ఒక కాలు నీటియందును ఉంచి నిలుచును. నూనె నీటియందు కరగలేదు. అయినను చిన్న బొట్లై నీటితోపాటు పోవుటకు సమ్మతించినది.

పాలుకూడ నిట్టివే. పాలయందలి వెన్న నీటిలో కలియునది కాదు. ప్రతి వెన్నబిందువునకు సన్నని పొర యొకటి యుండుటచేత అవి యొకదానిలో నొకటి కలిసిపోక వేర్వేఱుగా నిలిచియున్నవి. మీగడను కవ్వముతో చిలికినప్పుడు ఆ పొర చినుగును. బిందువులు ఒకదానిలో నొకటి కలిసి ముద్దయై వెన్న తేలును. సరిహద్దును కాపాడు పొర యున్నంతవఱకు చిన్న బిందువులు. అది పోయినంతనే పెద్ద ముద్ద. ఈ దృష్టాంతమును మనసునందుంచుకొన్నచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

సంధాన ద్రవ్యము

కుంకుడుకాయ నూనెకు నీటికి చేయు పనినే రెండు ప్లాస్టిక్కులకు చేయు పదార్థమును ఇంగ్లీషున కంపాటిబిలైజరు అందురు. మనము దీనిని సంధాన ద్రవ్యమని పిలుచుకొందము. దీని గొలుసునందు ఒక భాగము మొదటి ప్లాస్టిక్కు జాతిది, మఱియొక భాగము రెండవ ప్లాస్టిక్కు జాతిది లేక దానితో పొత్తు కుదిరినది. రెండింటిని కలిపి కరగించినప్పుడు ఈ గొలుసునకు సుఖముగా నుండదగిన చోటు సరిహద్దొక్కటియే. అచ్చటికి చేరి, ఒక భాగమును ఈవలకు, ఒక భాగమును ఆవలకు చొప్పించును.

ఇట్లు చేరుటవలన మూడు లాభములు కలుగును. మొదటిది, సరిహద్దునందలి బిగువు తగ్గును గనుక యంత్రము అదే శ్రమతో ఇంకను చిన్న బిందువులుగా చీల్చగలదు. రెండవది, బిందువులచుట్టు ఈ గొలుసులు దట్టముగా నుండుటచేత, పాలలోని వెన్నబిందువులవలె అవి మరల కలిసి పెద్దవికావు. మూడవది యన్నిటికంటె ముఖ్యమైనది: చల్లారిన పిమ్మట ఆ గొలుసులే కుట్టు దారములవలె రెండు ప్రక్కలను పట్టి యుంచును. అయితే ఆ భాగములు తగినంత పొడవుగా నుండవలెను. పొట్టి దారముతో కుట్టిన కుట్టు లాగినంతనే జారిపోవును. పొడవైన భాగము ఆవలి గొలుసులతో చిక్కుపడి జారకుండ నిలుచును. సబ్బువంటి చిన్న యణువు మొదటి రెండు పనులను చేయగలిగినను మూడవ పనికి చాలదు.

సంధాన ద్రవ్యము చేర్చుటచేత రెండు ప్లాస్టిక్కులు నీరు చక్కెరలవలె ఏకమగుననుకొనరాదు. అవి వేర్వేఱుగానే యుండును. వానినడుమ సరిహద్దు బలపడినది, బిందువులు సన్నబడినవి; అంతియే. వేర్వేఱుగా నుండుటయే కొన్ని తరుణముల మేలు. ఎట్లన, పెళుసైన ద్రవ్యమునందు మెత్తని రబ్బరు బిందువులు విడిగా నిలిచినప్పుడే దెబ్బను సహించు శక్తి వచ్చును. రబ్బరు పూర్తిగా కరిగి కలిసినచో వస్తువంతయు మెత్తబడి పనికిరాకుండ పోవును. పాలీస్టైరీను మిక్కిలి పెళుసు. దానిని తయారుచేయునప్పుడే రబ్బరును చేర్చి, కొన్ని పాలీస్టైరీను గొలుసులు రబ్బరు గొలుసులమీదనే మొలచునట్లు చేసినచో దెబ్బలకోర్చు పాలీస్టైరీను వచ్చును. శీతలపేటికల లోపలి గోడలకు ఇట్టి ద్రవ్యమును వాడుదురు.

ఎంత చేర్చవలెను?

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక ఘనమీటరు మిశ్రమమునందు అయిదవ వంతు ఒక మైక్రోమీటరు అడ్డుకొలత గల బిందువులై యున్నదనుకొందము. మైక్రోమీటరనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఆ బిందువుల యుపరితలములనన్నిటిని పఱచినచో 12 లక్షల చదరపు మీటర్లగును. అనగా సుమారు 300 ఎకరములు. ఒక పెద్ద పెట్టెలో పట్టు పదార్థమునందు ఒక గ్రామపు పొలమంత సరిహద్దు దాగియున్నది. ఇంత సరిహద్దు బలహీనముగా నున్నచో వస్తువు పగులుటయందు వింతయేమున్నది?

ఈ సరిహద్దునందు ప్రతి 10 చదరపు నానోమీటర్లకు ఒక్కొక్క గొలుసు చొప్పున, ఒక లక్ష అణుభారము గల సంధాన ద్రవ్యమును నిలిపినచో, కావలసినది సుమారు 20 కిలోగ్రాములు. మిశ్రమపు బరువు 900 కిలోగ్రాములకు పైమాట. అనగా నూటికి రెండు పాళ్లు చాలును. వాడుకయందు కొంత సరిహద్దును చేరక వృథాయగును గనుక ఇంకను కొంచెము హెచ్చుగా చేర్చుదురు. కాని మితి మీఱి చేర్చినచో, సరిహద్దునందు చోటు దొరకని గొలుసులు తమలో తామే గుంపులుగా చేరి వ్యర్థమగును. ఖర్చు పెరుగును, ఫలము పెరుగదు.

తయారుచేయు మార్గములు

సంధాన ద్రవ్యమును సమకూర్చుటకు ముఖ్యమైన మార్గములు రెండు. మొదటిది, రెండు జాతుల భాగములు గల గొలుసును ముందుగానే తయారుచేసి మిశ్రమమునందు చేర్చుట. పాలీస్టైరీనును పాలీఎథిలీనును పొందుపఱచుటకు, ఇరుకొనలు పాలీస్టైరీనుగను, నడుమ భాగము పాలీఎథిలీనునకు చుట్టమైన మెత్తని గొలుసుగను గల రబ్బరును వాడుదురు. ఇది శ్రేష్ఠమైన మార్గమే గాని వెల హెచ్చు.

రెండవ మార్గమున సంధాన గొలుసును మిశ్రమమునందే, సరిహద్దునందే పుట్టింతురు. పాలీప్రొపిలీను గొలుసులకు మాలియిక్ ఆన్‌హైడ్రైడు అను చిన్న యణువులను అక్కడక్కడ తగిలింతురు. ఈ యణువు నైలాను గొలుసు కొనలయందున్న నత్రజని సమూహమును తాకినంతనే దానితో రసాయనబంధము చేసికొనును. కావున పాలీప్రొపిలీను గొలుసు, నైలాను గొలుసు ఒక్క గొలుసై సరిహద్దునందు నిలుచును. ఈ పని జరుగుచోటు ఎక్స్‌ట్రూడరు అను యంత్రము: వేడిచేసిన యినుప గొట్టము, దానియందు తిరుగు పెద్ద మర. గింజలు ఒక కొనను పడి, కరగి, మరచేత నలిగి, జంతికల గొట్టమునుండి పిండి వచ్చినట్లు రెండవ కొనను దారములుగా వచ్చును. ఈ కొలది నిమిషములలోనే బంధము కుదిరిపోవును.

ఈ మార్గమునకు ప్రసిద్ధమైన ఫలము దెబ్బలకోర్చు నైలాను. నైలాను సహజముగా గట్టిదే. కాని దానిపై చిన్న గాటు పడినచో అచ్చటినుండి సులభముగా పగులును. 1970 దశకమున అమెరికాయందలి డ్యూపాంట్ కంపెనీవారు, మాలియిక్ ఆన్‌హైడ్రైడు వంటి సమూహములు గల రబ్బరును నైలానునందు చేర్చి, మైక్రోమీటరునకు తక్కువైన రబ్బరు బిందువులు సమముగా చెదరునట్లు చేసిరి. గాటు పెట్టిన ముక్క దెబ్బను సహించు శక్తి పది రెట్లకు పైగా పెరిగినది. వట్టి రబ్బరును వట్టి నైలానుతో కలిపినచో ఈ ఫలము రాదు. పాలీయెస్టరు సీసాల ద్రవ్యముతో రబ్బరును కలుపునప్పుడు దాని గొలుసుకొనలయందలి ఆమ్ల సమూహములను పట్టుకొను ఎపాక్సీ సమూహములను వాడుదురు. జాతిజాతికి తగిన కొక్కెము వేఱు, సూత్రము మాత్రమొకటియే.

తోబుట్టువుల కలహము

పాలీఎథిలీను, పాలీప్రొపిలీనుల సంగతి మరల చూతము. ఎరువుల బస్తాను గమనింపుడు. వెలుపలి నేసిన సంచి సాధారణముగా పాలీప్రొపిలీను; లోపలి పలుచని సంచి పాలీఎథిలీను. సీసా మూతలలో కొన్ని యొకదానివి, కొన్ని రెండవదానివి. లోకమున తయారగు ప్లాస్టిక్కులో మూడింట రెండు వంతులకు దగ్గఱగా ఈ రెండే. చెత్తయందు తఱచుగా నివి కలిసియుండును. రెండును నీటిపై తేలును గనుక నీటితొట్టిలో వేసి విడదీయుట కుదరదు. పాలీప్రొపిలీనునందు మాలియిక్ ఆన్‌హైడ్రైడును తగిలించినను, పాలీఎథిలీను గొలుసునందు దానితో బంధము చేసికొను సమూహమేదియు లేదు. కావున ఈ జంటకు కొక్కెముల మార్గము పనికిరాలేదు.

2017లో అమెరికాయందలి కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు దీనికొక యుపాయమును ప్రకటించిరి. వారు పాలీఎథిలీను, పాలీప్రొపిలీను, మరల పాలీఎథిలీను, మరల పాలీప్రొపిలీను అను వరుసగా నాలుగు భాగములు గల గొలుసును తయారుచేసిరి. ఇట్టి గొలుసు సరిహద్దును ఒకసారి గాక మూడుసార్లు దాటును. నడుమ భాగములు ఇరుప్రక్కల ఉచ్చులవలె వంగి, ఆవలి గొలుసులను పెనవేసికొని పట్టుకొనును. రెండు ప్లాస్టిక్కుల మిశ్రమమునందు నూటికొక పాలు ఈ ద్రవ్యమును చేర్చినంతనే, వెనుక పెళుసై తెగినది బాగుగా సాగు గుణమును పొందినది. సూదితో ఒక కుట్టు కుట్టుటకును, మూడుమారులు అటునిటు గ్రుచ్చి కుట్టుటకును గల భేదమును మన తల్లులెఱుగుదురు. ఆ భేదమే యిచ్చట ఫలించినది.

దీనిచేత తీరని కష్టములు

సంధాన ద్రవ్యములున్నవి గదా, ఇక చెత్తను వేఱుచేయు శ్రమ యేల యని యెవరైన నడుగవచ్చును. అట్లనుట తగదు. ఒక జంటకు కుదిరిన సంధాన ద్రవ్యము మఱియొక జంటకు కుదరదు. చెత్తకుప్పయందు జంటలు కాక పదిజాతులు కలిసియుండును. వానిపాళ్లు దినదినము మారుచుండును. అట్టి కుప్పకు తగిన మందు ఎవ్వరును చెప్పలేరు.

కొన్ని జాతులు కూడియుండుటయే హానికరము. పాలీయెస్టరు సీసాలు కరగుటకు 250 డిగ్రీలకు పైబడిన వేడిమి కావలెను. ఆ వేడిమియందు పాలీవినైల్ క్లోరైడు చెడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లమును విడుచును. ఆ యామ్లము పాలీయెస్టరు గొలుసులను తునకలు చేయును. ఇది సరిహద్దు దోషము కాదు గనుక సంధాన ద్రవ్యమునకు లొంగదు. అదియుగాక ప్లాస్టిక్కును కరగించిన ప్రతిసారియు వేడిమిచేతను నలుగుటచేతను కొన్ని గొలుసులు తెగుచుండును. రంగురంగుల ముక్కలు కలిసినచో మిశ్రమము బూడిదరంగునో నలుపునో పొందును. తిండి పదార్థముల శేషములు, నూనె, మట్టి అంటియున్నచో బంధములు సరిగా కుదరవు.

కావున శాస్త్రజ్ఞులు చెప్పు క్రమమిది: మొదట వేఱుచేయవలెను, వేఱుచేయుటకు సాధ్యము కాని జంటలకు మాత్రము సంధాన ద్రవ్యమును వాడవలెను. వంటనూనె సంచుల వంటివానియందు పాలీఎథిలీను, నైలానుల పొరలు ఒకదానిపై నొకటి అంటింపబడి యుండుట గలదు. ఆ పొరలను చేతితో విడదీయుట యసాధ్యము. ఈ విద్య వలన మేలు పొందవలసినవి ప్రధానముగా నట్టివి. వింతయేమనగా ఆ పొరలనడుమ జిగురుగా వాడబడునదియు మాలియిక్ ఆన్‌హైడ్రైడు తగిలించిన పాలీఎథిలీనే. పొరలను అంటించు ద్రవ్యమే, కరగించినప్పుడు బిందువులను పట్టు ద్రవ్యమగుచున్నది.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

ఈ విషయమును చదివి విడువక చేతితో చేసి చూచుట మేలు. ఖాళీ నీళ్ల సీసాను, దాని మూతను, ఒక పాల సంచిని, పారదర్శకముగా నుండు పాత కలపు గొట్టమును తెచ్చి, కడిగి, చిన్న ముక్కలుగా కత్తిరింపుడు. ఒక పాత్రలో నీరు పోసి, గాలిబుడగలు అంటకుండ రెండు చుక్కల సబ్బునీరు చేర్చి, ముక్కలను ముంచి విడువుడు. సీసా ముక్క మునుగును. అది పాలీయెస్టరు, సాంద్రత సుమారు 1.38. మూతయు, పాల సంచియు తేలును. వాని సాంద్రత ఒకటికి తక్కువ. కలపు గొట్టము పాలీస్టైరీనైనచో మునుగును. దాని సాంద్రత 1.05. ఇప్పుడు వేఱొక పాత్రలో ఉప్పు కరిగినంతవఱకు కరగించిన నీటిలో వేయుడు. పాలీస్టైరీను తేలును, సీసా ముక్క మునిగియే యుండును. ఉప్పు, నీరు తప్ప మఱేమియు లేకయే మూడు తరగతులను వేఱుచేయగలిగితిరి. మూతయు, పాల సంచియు మాత్రము రెండు పాత్రలలోను తేలుచునే యుండును. పాలీఎథిలీను, పాలీప్రొపిలీనులను విడదీయుటలోని కష్టము మీ కన్నులయెదుటనే కనబడును.

పిమ్మట ప్రతి వస్తువు అడుగునను చూడుడు. బాణములతో చేసిన త్రిభుజమునందు ఒక అంకె యుండును. ఈ గుర్తులు 1988లో అమెరికాయందు మొదలైనవి. 1 అనగా సీసాల పాలీయెస్టరు, 2 అనగా సాంద్రమైన పాలీఎథిలీను, 4 అనగా మెత్తని పాలీఎథిలీను, 5 అనగా పాలీప్రొపిలీను, 6 అనగా పాలీస్టైరీను. పరీక్షించుటకై ప్లాస్టిక్కును కాల్చవలదని విద్యార్థులను గట్టిగా హెచ్చరించుచున్నాము. ఆ పొగ విషము.

తలిదండ్రులకును ఒక మనవి. ఇంటిలో సీసాలనొకచోట, సంచులనొకచోట కడిగి వేఱుగా నుంచుటకు పట్టు కాలము రెండు నిమిషములు. అవి యొకసారి మట్టితోను, ఎంగిలితోను కలిసి కుప్పయైన పిదప వేఱుచేయుటకు గొప్ప యంత్రములు కావలెను. వేఱుచేయలేనిచో వెలగల సంధాన ద్రవ్యములు కావలెను. అవియు పనిచేయనిచో గోతిలో పాతుటయే గతి. శాస్త్రము పొసగనివానిని పొందుపఱచుటకు మార్గము చూపినది. ఆ మార్గము సఫలమగుటకు కావలసిన తొలిపని మాత్రము మన వంటయింటి గడపయొద్దనే యున్నది.